వచ్చే నెల నుంచి స్కూల్‌కి వెళ్లాలి. ఏ బ్రెస్ట్ పంప్ తీసుకోవాలి, ఎలా వాడాలి?

చిన్నితల్లి అమ్మ:

అందరికీ నమస్కారం. మా పాపకు రెండు నెలలు నిండాయి. ఇప్పటిదాకా నా పాలే తాగుతోంది, బరువు బాగానే పెరుగుతోంది. నేను టీచర్ని, వచ్చే నెల నుంచి డ్యూటీలో చేరాలి. పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరితే మళ్లీ ఇంట్లో అడుగుపెట్టేసరికి నాలుగున్నర అవుతుంది. మధ్యలో ఒక ఖాళీ పీరియడ్, లంచ్ బ్రేక్, అంతే. పాప దగ్గర మా అత్తయ్య ఉంటారు.

పంపుల గురించి చదవడం మొదలుపెట్టాక ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది. చేత్తో నొక్కేవి, కరెంటువి, ఒకవైపువి, రెండువైపులవి, బట్టల లోపల పెట్టుకునేవి. అన్నిటి మీదా ‘హై సక్షన్’ అని పెద్ద అక్షరాలు. ఎక్కువ లాగే పంపు కొంటే పాలు ఎక్కువ వస్తాయా? నా ఫ్రెండ్ తను వాడేసిన ఎలక్ట్రిక్ పంపు ఇస్తానంటోంది. తీసుకోవచ్చా?

అలవాటు కోసం ఒక చేతి పంపు తెప్పించుకుని మొన్న పాప తాగాక పెట్టి చూశాను. రెండువైపులా కలిపి 30 మి.లీ. కూడా రాలేదు. చనుమొన వాచింది, దాని మొదలు చుట్టూ తెల్లగా గీతలా పడింది, చాలాసేపు మంట. నాకు పాలు తక్కువేమోనని ఏడుపొచ్చింది. అత్తయ్యేమో ‘నువ్వు మెషీన్‌తో తీసేస్తుంటే పాపకేం మిగులుతాయమ్మా’ అంటున్నారు. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, కానీ నా దగ్గర జవాబు లేదు. వాడినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.

ఇద్దరు పిల్లల అమ్మ:

చెల్లీ, ముందు ఆ 30 మి.లీ. గురించి బెంగ పెట్టుకోకు. పాప కడుపునిండా తాగాక మిగిలినవి అవి. తాగిన వెంటనే తీస్తే చాలామందికి అంతే వస్తాయి, అంతకన్నా తక్కువ వచ్చేవాళ్లూ ఉన్నారు. పాలు సరిపోతున్నాయా లేదా అన్నది పంపు సీసా చూసి తెలిసే విషయం కాదు. పాప బరువు పెరుగుతోందా, రోజుకు ఆరు డయాపర్లయినా బాగా తడుస్తున్నాయా, ఈ రెండూ చూసుకో. బరువు బాగుందని నువ్వే రాశావు. బిడ్డ తాగినట్టు పాలు తీసే మెషీన్ ఇంకా రాలేదు.

నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మా పెద్దవాడు నెలలు నిండకుండా పుట్టాడు. చప్పరించే బలం లేక ఐసీయూలో ముక్కు ద్వారా ట్యూబ్ వేసి పాలు పట్టేవాళ్లు. వాడికి చేరిన ప్రతి చుక్కా నేను పంపుతో తీసిందే. (మొదట్లో వచ్చే ముర్రుపాలు మాత్రం చేత్తో పిండి సిరంజిలో పట్టాను. అవి చిక్కగా, చాలా కొంచెంగా ఉంటాయి. పంపు పెడితే సగం గోడలకే అంటుకుపోతాయి.) పాప పుట్టినప్పుడు నీలాగే ఉద్యోగానికి వెళుతూ తీశాను. రెండుసార్లూ నాకు తెలిసొచ్చింది ఒకటే: మోటారు ఎంత బలంగా లాగుతుందన్నది తర్వాతి సంగతి, ముందు గరాటు నీకు సరిపోవాలి.

గరాటు అంటే రొమ్ముకు ఆనించే ఆ ప్లాస్టిక్ భాగం, ఫ్లాంజ్ అంటారు. డబ్బాలో ఎక్కువగా 24 మి.మీ. లేదా 28 మి.మీ. సైజు పెట్టి ఇస్తారు. అది అందరికీ సరిపోదు. ఐసీయూ పక్కన పాలు తీసే గదిలో ఒక నర్సు నా పక్కన కూర్చుని, కాగితపు కొలతతో కొలిచి, చిన్న గరాటు తెచ్చి పెట్టింది. మెషీన్ అదే, సక్షన్ నంబరూ అదే. మంట పోయింది, పాలు ధారగా వచ్చాయి. అక్కడికి వచ్చే తల్లుల్లో నాలాగే నొప్పిని పళ్లబిగువున ఓర్చుకుంటూ కూర్చున్నవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ఆ నొప్పిలో సగానికి సగం అక్కర్లేని నొప్పే అని నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

నీ వాపు, ఆ తెల్ల గీత చూస్తే నాకు మొదట అనుమానం గరాటు మీదే. పాలు ఇవ్వకముందు, పంపు పెట్టకముందు కొలుచుకో. చనుమొన మొదలు దగ్గర అడ్డంగా ఎన్ని మి.మీ. ఉందో చూడు. చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని లెక్కలోకి తీసుకోకు. వచ్చిన కొలతకు 1 నుంచి 3 మి.మీ. కలిపి ఆ సైజుతో మొదలుపెట్టు. రెండువైపులా వేరువేరు కొలతలు వచ్చినా కంగారు పడకు, అది మామూలే. పెట్టుకున్నాక అద్దంలో గమనించు. గొట్టంలో చనుమొన మాత్రమే తేలిగ్గా ముందుకీ వెనక్కీ కదలాలి. నల్లటి భాగం కూడా ఎక్కువగా లోపలికి పోతుంటే గరాటు పెద్దదైనట్టు. చనుమొన పక్కలకు ఒరుసుకుంటుంటే చిన్నదైనట్టు. కొత్త గరాటే కొనక్కర్లేదు, లోపల దూర్చుకునే సిలికాన్ ఇన్సర్ట్‌లు వస్తాయి. నెలలు గడిచేకొద్దీ సైజు మారొచ్చు కాబట్టి మధ్యలో ఇంకోసారి కొలుచుకో.

ఇక సక్షన్. పాప తాగేటప్పుడు గమనించే ఉంటావు. ముందు గబగబా చిన్నచిన్నగా చప్పరిస్తుంది, చేపు వచ్చాక నెమ్మదిగా, లోతుగా గుటకలు వేస్తుంది. మంచి ఎలక్ట్రిక్ పంపులో కూడా ఈ రెండు పద్ధతులూ ఉంటాయి. వేగంగా, తేలిగ్గా లాగేదానితో మొదలుపెట్టు. పాలు చిమ్మడం మొదలవగానే నెమ్మదిగా, కాస్త గట్టిగా లాగేదానికి మారు. నంబరు ఒక్కొక్కటే పెంచుతూ వెళ్లి, ఇబ్బందిగా అనిపించగానే ఒకటి తగ్గించు. నీకు సరైన నంబరు అదే. నొప్పి, టెన్షన్ ఉంటే చేపును తెచ్చే ఆక్సిటోసిన్ హార్మోన్ సరిగా పనిచేయదు. అందుకే ‘హై సక్షన్’ అన్న మాటకు నేను పైసా విలువ ఇవ్వను.

చేపు రాకపోతే గోరువెచ్చని గుడ్డ కాసేపు వేసుకుని, వేళ్లతో పైపైన సున్నితంగా నిమురుకో. నేను మావాడు పెట్టుకున్న టోపీ ఒకటి కవర్లో దాచుకుని, పంపు పెట్టేముందు తీసి వాసన చూసేదాన్ని. పాపప్పుడైతే అది కేరింతలు కొట్టే వీడియో. సీసాలకు సాక్సు తొడిగి కనిపించకుండా చేసేదాన్ని. ఎన్ని వచ్చాయా అని కళ్లప్పగించి చూస్తూ కూర్చుంటే టెన్షన్ పెరుగుతుంది, చేపు వెనక్కి పోతుంది.

ఏ పంపు అంటే, నీ టైమ్‌టేబుల్‌కి రెండువైపులా ఒకేసారి తీసే ఎలక్ట్రిక్ పంపు. ఒకవైపుదైతే ఒక్కో వైపు పావుగంట వేసుకున్నా నీ పీరియడ్ అయిపోతుంది. రెండువైపులదైతే 15 నుంచి 20 నిమిషాల్లో పని పూర్తవుతుంది, పాలు కూడా కాస్త ఎక్కువే వస్తాయి. క్లోజ్డ్ సిస్టమ్ అని ఉన్నదే తీసుకో, అంటే పాలు ట్యూబులోకి, మోటారులోకి పోకుండా మధ్యలో అడ్డు ఉంటుంది. చార్జింగ్‌తో నడుస్తుందా, విడిభాగాలు, గరాటు సైజులు విడిగా దొరుకుతాయా అన్నవి కూడా అడుగు. చేతి పంపు పారేయకు. చార్జింగ్ అయిపోయిన రోజున అదే ఆదుకుంటుంది.

అత్తయ్యగారికి ఇలా చెప్పు: చెలమలో నీళ్లు తోడేకొద్దీ ఊరినట్టే పాలు కూడా. తీసేకొద్దీ తయారవుతాయి. తీయకుండా నిండుగా వదిలేస్తేనే తయారీ తగ్గుతుంది. నువ్వు స్కూల్లో ఉన్నంతసేపూ పంపు పెట్టకపోతే పాపకు పాలు మిగలవు, తగ్గిపోతాయి. అలాగని ఇప్పట్నుంచే రోజంతా తీయడం మొదలుపెట్టకు. అవసరానికి మించి ఊరితే రొమ్ములు రాళ్లలా అయిపోతాయి, అది ఇంకో అవస్థ.

వార్డు నర్సు:

పైన అక్క చెప్పినవన్నీ నిజం. నేను నవజాత శిశువుల వార్డులో పనిచేస్తాను, కొన్ని విషయాలు చేరుస్తాను.

ఫ్రెండ్ ఇచ్చే పంపు క్లోజ్డ్ సిస్టమ్ కాకపోతే వద్దండి. పాల తుంపర, తేమ మోటారులోకి వెళ్లి బూజు పట్టినా బయటికి కనిపించదు, కడగడానికీ వీలుండదు. క్లోజ్డ్ సిస్టమ్ అయినా, ఒక్కరే వాడాలని తయారీదారు రాసి ఉంటే అలాగే పాటించడం మంచిది. ఆసుపత్రుల్లో ఎందరో వాడే పెద్ద పంపులు అందుకోసమే తయారుచేసినవి, అక్కడ కూడా గరాటు, ట్యూబులు, సీసాలు ఎవరివి వారికే.

తీసిన పాలు 25 డిగ్రీల సెల్సియస్, అంతకన్నా తక్కువ ఉన్న గదిలో 4 గంటలు ఉంటాయి. గది అంతకంటే వేడిగా ఉంటే అంతసేపు ఉంచకండి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో 4 రోజులు. తలుపు అరల్లో కాకుండా లోపల వెనక వైపు పెట్టండి, తలుపు తీసి వేసినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది. ఫ్రీజర్‌లో 6 నెలల లోపు వాడితే మంచిది, 12 నెలల దాకా ఫరవాలేదు. ఐస్ ప్యాకులున్న ఇన్సులేటెడ్ బ్యాగులో 24 గంటలు, కాబట్టి స్కూల్లో ఫ్రిజ్ లేకపోయినా బెంగ లేదు. ఫ్రీజర్‌లో పెట్టినవి పూర్తిగా కరిగాక ఫ్రిజ్‌లోనే ఉంచి 24 గంటల్లో వాడేయాలి, మళ్లీ గడ్డ కట్టించకూడదు. పాప నోరు పెట్టి వదిలేసిన సీసాను 2 గంటలు దాటితే పారబోయండి. పారబోసేటప్పుడు తల్లి ప్రాణం ఎంత ఉసూరుమంటుందో నాకు తెలుసు, అందుకే 60 నుంచి 120 మి.లీ. చొప్పున చిన్న పౌచుల్లో, పైన కాస్త ఖాళీ వదిలి, తేదీ రాసి పెట్టండి.

మైక్రోవేవ్‌లో మాత్రం ఎప్పుడూ వేడిచేయకండి. ఒకచోట చల్లగా, ఒకచోట కాలేంత వేడిగా అయిపోతాయి, పాప నోరు కాలుతుంది. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో సీసా ఉంచితే చాలు. పైన మీగడలా తేలుతుంది, అది పాడైనట్టు కాదు. మెల్లగా తిప్పితే కలిసిపోతుంది.

పాలు తగిలిన భాగాలన్నీ తీసిన ప్రతిసారీ కడగాలి. సింకులో పెట్టి కడగకుండా వాటికోసమే ఒక గిన్నె, ఒక బ్రష్ పెట్టుకోండి. వేడినీళ్లు, సబ్బుతో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. రెండు నెలల లోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లకు రోజుకొకసారి మరిగించో, ఆవిరి పట్టో స్టెరిలైజ్ చేయాలి. మీ పాపకు రెండు నెలలు దాటాయి కాబట్టి ప్రతిసారీ శుభ్రంగా కడిగితే సరిపోతుంది, చేస్తానంటే మంచిదే. ట్యూబులోకి పాలు పోకపోతే దాన్ని కడగక్కర్లేదు. లోపల తేమ కనిపిస్తే ట్యూబు తగిలించి పంపును ఖాళీగా కొన్ని నిమిషాలు నడపండి, ఆరిపోతుంది. నల్లటి మచ్చ కనిపిస్తే మాత్రం పారేసి కొత్తది వేయాలి. స్కూల్లో కడగడానికి వీలు లేకపోతే గరాటులు, సీసాలు రెండు సెట్లు తీసుకెళ్లండి.

ఒక ముఖ్యమైన మాట. రొమ్ములో ఒకచోట గట్టిగా, ఎర్రగా, నొప్పిగా అయితే ‘గట్టిగా నలిపి మొత్తం తీసేయ్’ అని ఇప్పటికీ చాలామంది సలహా ఇస్తారు. అలా చేయకండి. తల్లిపాల వైద్యుల సంఘం అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో ఈ సూచనలు మార్చింది. గట్టిగా మర్దన చేస్తే లోపలి కణజాలం ఇంకా వాస్తుంది, అదనంగా పంపు పెడితే పాలు ఇంకా ఊరి సమస్య పెరుగుతుంది. పాపకు మామూలుగా ఎప్పుడూ ఇచ్చినట్టే ఇస్తూ, మధ్యలో చల్లటి కాపడం పెట్టుకోండి. జ్వరం 38 డిగ్రీలు దాటినా, ఒక రోజులో తగ్గుముఖం పట్టకపోయినా డాక్టర్ని కలవండి, ఆలస్యం చేయకండి.

చిన్నితల్లి అమ్మ:

అక్కా, సిస్టర్‌గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఏం చెప్పాలో తెలియడం లేదు. కొలుచుకున్నాను. కుడివైపు 16, ఎడమవైపు 17 మి.మీ. పంపుతో వచ్చిన గరాటు 24! రెండువైపులా తీసే క్లోజ్డ్ సిస్టమ్ పంపు తీసుకుని, 19 మి.మీ. ఇన్సర్ట్ వేసి పెట్టాను. మంటే లేదు. పొద్దున పాప తాగిన గంటకు తీస్తే 60 మి.లీ. దాకా వచ్చాయి. ఫ్రెండ్‌కి విషయం చెప్పాను, తనూ అర్థం చేసుకుంది. అత్తయ్యకు చెలమ మాట చెబితే ‘అయితే తియ్యమ్మా’ అన్నారు.

ఇప్పుడు కొత్త బెంగ. ఫ్రీజర్‌లో పెట్టిన పౌచు ఒకటి కరిగించి చూస్తే సబ్బు వాసన వచ్చింది. పాడయ్యాయా? పాప సీసా చూస్తేనే మొహం తిప్పేసుకుంటోంది. ఎనిమిది గంటలకు ఎన్ని పాలు పెట్టి వెళ్లాలో కూడా చెప్పండి.

ఇద్దరు పిల్లల అమ్మ:

చాలా సంతోషం చెల్లీ. సబ్బు వాసన అంటే పాడైనట్టు కాదు. పాలల్లో కొవ్వును అరిగించే లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. నిల్వ ఉన్నప్పుడు అది కొవ్వును విడగొడుతుంది, కొందరి పాలల్లో అది త్వరగా జరుగుతుందని చెబుతారు. పాపకు ఏ హానీ లేదు, తాగితే పట్టేయొచ్చు. వాసనకు తాగనంటే కొన్ని తాజా పాలు కలిపి చూడు. అప్పటికీ తాగకపోతే, ఇకమీదట తీసిన వెంటనే గిన్నె అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేసి, మరగకముందే దించి, త్వరగా చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టు. అలా వేడిచేస్తే పాలల్లోని మంచి గుణాలు కొన్ని తగ్గుతాయి. అందుకే అది ఆఖరి దారి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే వాడేవాటికి ఆ వాసన అంతగా రాదు. ఫ్రీజర్ నింపేముందు ఒక పౌచు కరిగించి చూడటం ఎంత మంచిదో చూశావా, నువ్వు సరైన సమయంలోనే చూసుకున్నావు.

లెక్కకు వస్తే, నెల నుంచి ఆరు నెలల దాకా పిల్లలు రోజుకు సగటున 750 మి.లీ. దగ్గర తాగుతారు, కొందరు ఎక్కువ, కొందరు తక్కువ. నువ్వు లేని ప్రతి గంటకూ 30 నుంచి 45 మి.లీ. వేసుకో. ఎనిమిది గంటలకు 240 నుంచి 360 మి.లీ. అవుతుంది. 60, 90 మి.లీ. సీసాల్లో విడివిడిగా పెట్టు. ఫ్రీజర్ నిండా ఉండాలన్న ఒత్తిడి పెట్టుకోవద్దు. మొదటి రోజుకు కావలసినవి, పైన ఒక పూటకు సరిపడా ఉంటే చాలు. ఆ తర్వాత ఈరోజు స్కూల్లో తీసినవే రేపటి పాలు. పొద్దున వెళ్లేముందు పాపకు ఇచ్చి వెళ్లు, స్కూల్లో సుమారు మూడు గంటలకోసారి తీయి, రాగానే మళ్లీ ఇవ్వు. సెలవు రోజుల్లో పంపు పక్కనపెట్టి పాపకే ఇవ్వు. చేరకముందే హెడ్మిస్ట్రెస్‌ని కలిసి, గడియ ఉన్న గది, ప్లగ్ పాయింట్ కావాలని మొహమాటపడకుండా అడుగు. బాత్రూమ్‌లో తీయమంటే మాత్రం ఒప్పుకోకు, అది పాప తాగే పాలు.

సీసా అలవాటు అత్తయ్యగారి చేత చేయించు. నువ్వు ఆ గదిలో లేకుండా ఉంటే మంచిది, నీ వాసన తగిలితే సీసా ఎందుకు తీసుకుంటుంది? బాగా ఆకలేసేదాకా ఆగకుండా, కాస్త ఆకలి మొదలైనప్పుడే పెట్టాలి. పాపను కాస్త నిటారుగా కూర్చోబెట్టుకుని, సీసాను దాదాపు అడ్డంగా పట్టుకుని, నిపుల్‌ను పెదవికి ఆనించి అదే నోరు తెరిచేదాకా ఆగమను. కొన్ని గుటకలకోసారి సీసా కిందికి వంచి కాస్త ఊపిరి తీసుకోనివ్వాలి. పాలు నెమ్మదిగా వచ్చే నిపుల్ వాడండి. బోర్లించి గటగటా పట్టేస్తే ఆ వేగానికి అలవాటుపడి, నీ దగ్గర చేపు వచ్చేదాకా ఆగలేక చికాకు పడొచ్చు.

కవలల అమ్మ:

ఒక్క విషయంలో నాది వేరే అనుభవం. నేను పనిచేసే చోట ఎంత అడిగినా గది ఇవ్వలేదు. బట్టల లోపల పెట్టుకునే పంపు లేకపోతే నేను రెండో నెలకే ఆపేసేదాన్ని. టేబుల్ దగ్గరే కూర్చుని, పని చేసుకుంటూనే తీసేదాన్ని. ఒక్కోసారికి వచ్చే పాలు మామూలు పంపుకంటే తక్కువే, కానీ ఒక్కసారి కూడా మానాల్సిన అవసరం రాలేదు. చనుమొన సరిగ్గా మధ్యలో కూర్చుందా లేదా బయటికి కనిపించదు కాబట్టి పెట్టుకునేటప్పుడే కిందికి వంగి చూసుకోవాలి, పెట్టాక మరీ వంగితే కొన్ని మోడళ్లలో పాలు ఒలికిపోతాయి. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం రెండువైపుల మామూలు పంపే వాడేదాన్ని.

ఇద్దరు పిల్లల అమ్మ:

మీరన్నది నిజమేనండి. గది దొరకనివాళ్లకు అదే దారి. తీయకుండా మానేయడం కంటే కాస్త తక్కువ వచ్చినా తీయడమే మేలు.

చెల్లీ, ఒకటి రాయడం మర్చిపోయాను. పంపులో డక్‌బిల్ అనో, మెంబ్రేన్ అనో ఒక చిన్న సిలికాన్ వాల్వ్ ఉంటుంది. రోజూ వాడితే రెండు మూడు నెలలకే సాగిపోతుంది. అప్పుడు మోటారు చప్పుడు మామూలుగానే ఉంటుంది కానీ లాగడం తగ్గిపోతుంది. దాన్ని బ్రష్‌తో రుద్దకు, చిరుగుతుంది, వేళ్లతో నెమ్మదిగా కడుగు. ఒక జత ఎప్పుడూ బ్యాగులో ఉంచుకో. ఏదో ఒక రోజు పాలు ఉన్నట్టుండి సగమయ్యాయంటే, నీ పాలు తగ్గిపోయాయని అనుకునేముందు ఆ వాల్వ్ మార్చి, గరాటు ఇంకోసారి కొలిచి చూడు. అప్పటికీ రాకపోతే ఇక్కడ రాయి.